ఫ్రెంచి యుద్ధ నవలలు: ఏ వరుసలో చదవాలి?

చదువరి: ఫ్రెంచిలో నాది బీ1 (మధ్యస్థ) స్థాయి. ఎం.ఏ. ప్రాజెక్టుకి ఆధునిక యుద్ధ నవలలు తీసుకున్నాను. మొదటి ప్రపంచయుద్ధం మీద బార్బ్యూస్ రాసిన "లె ఫ్యూ"తో మొదలుపెడితే పేజీ కదలడం లేదు. తెలిసిన మాటలకు కూడా అర్థం పొసగడం లేదు. ప్రచురణ క్రమంలోనే చదవాలా? ఇంగ్లీషు అనువాదాన్ని నమ్ముకోవచ్చా?

గోదారిగట్టు: ప్రచురణ క్రమం వదిలేయండి. "లె ఫ్యూ" 1916 నాటిది, నిండా కందకాల్లోని సిపాయిల యాసే. అందులో "మార్మిత్" వంటగిన్నె కాదు, పెద్ద ఫిరంగి గుండు. "సాంజ్" కోతి కాదు, డబ్బా మాంసం. మామూలు జేబు నిఘంటువు ఇక్కడ పనికిరాదు. సీఎన్‌ఆర్‌టీఎల్ అనే ఫ్రెంచి భాషా వనరుల సైటులో ఉచితంగా ఉన్న "త్రెజోర్" నిఘంటువులో ఒక్కో మాట కింద సైనిక యాస అర్థాలు విడిగా ఇస్తారు, అవి చూడండి.

ముందు దావిద్ జోప్ "ఫ్రేర్ దామ్" (2018) చదవండి. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు తరఫున పోరాడిన సెనెగల్ సిపాయి అల్ఫా కథ చెబుతాడు. చిన్న పుస్తకం, పైగా అవే వాక్యాలు మంత్రంలా మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి మీ స్థాయికి అందుతుంది. ఆ తర్వాత ఎషనోజ్ "14" (2012). పదిహేనే అధ్యాయాలు. సిపాయి వీపు మీది మూటలో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటిగా చెప్పి, బరువు కనీసం 35 కిలోలని తేల్చే చోట ఆగి చదవండి, ఆ జాబితాలోనే రచయిత పద్ధతంతా ఉంది. పాసే సాంప్ల్ (పుస్తకాల్లో కనబడే భూతకాలం) రూపాలు మీరు రాయక్కర్లేదు, చూసి గుర్తుపడితే చాలు. ఎత్ర్, అవ్వార్, ఫేర్, వ్వార్, వెనీర్ క్రియల ప్రథమ పురుష రూపాలతో మొదలుపెట్టండి.

మార్జిన్ నోట్సు: క్లోద్ సిమోన్ "లా రూత్ దే ఫ్లాంద్ర్" (1960) మాత్రం చివరికి ఉంచుకోండి. రెండో ప్రపంచయుద్ధంలో, 1940 మేలో ఫ్రెంచి అశ్వికదళం చెదిరిపోవడం, కెప్టెన్ రెషాక్ మరణం అందులో విషయం. వాక్యం పేజీలు దాటిపోతుంది, కుండలీకరణంలో ఇంకో కుండలీకరణం తెరుచుకుంటుంది, "నేను" అన్నవాడు చెప్పాపెట్టకుండా "అతను" అయిపోతాడు. ప్రతి వాక్యాన్నీ విడగొట్టి అనువదించబోతే అక్కడే పడిపోతారు. రచయిత తానే రంగు పెన్సిళ్ళతో కథాంశాలను గుర్తుపెట్టుకున్నాడు. మీరూ రోడ్డు, గుర్రప్పందెం, ఖైదీల శిబిరం, కెప్టెన్ భార్య కొరిన్ ఉండే గది, వీటికి ఒక్కో రంగు ఇచ్చి మార్జిన్లో గీత గీయండి. బురదలో కలిసిపోతున్న చచ్చిన గుర్రం వచ్చిన ప్రతిసారీ పేజీ నంబరు రాసుకోండి. కాలక్రమం దాని చుట్టూనే తిరుగుతుంది.

గోదారిగట్టు: అనువాదం సంగతి మరిచాను. "లె ఫ్యూ"కి 1917 నాటి ఇంగ్లీషు అనువాదం ఉచితంగా దొరుకుతుంది. కథ తెలుసుకోవడానికి సరిపోతుంది గానీ, యాస గురించి వ్యాసం రాస్తే మూలాన్నే ఉదహరించాలి.

కందకం: ఇంకొక జాగ్రత్తండీ. "లె ఫ్యూ" ఉపశీర్షికలో "దినచర్య" అని ఉన్నంత మాత్రాన దాన్ని చరిత్ర పత్రంగా వాడకండి. తానూ యుద్ధంలో పనిచేసిన నోర్తోన్ క్రు 1929లో "తెమ్వాఁ"లో దాదాపు 300 యుద్ధ పుస్తకాలను పరీక్షించి, బార్బ్యూస్‌నీ, మరో యుద్ధ రచయిత దోర్జెలేస్‌నీ గట్టిగా తప్పుపట్టాడు, జెనెవ్వా అనే రచయితని మెచ్చుకున్నాడు. ఆయన తీర్పు నవలల విషయంలో మరీ కఠినమని నా అభిప్రాయం, అయినా ఆ వాదం తెలియకుండా ప్రాజెక్టు నిలవదు.

చదువరి: అల్జీరియా యుద్ధం మీద ఒకటి చెప్పండి.

కందకం: మోవిఞియే "దెజోమ్" (2009). మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, ఉదయం అని నాలుగు భాగాలు. యుద్ధం "రాత్రి"లోనే వస్తుంది. అందుకే చాలామంది మొదట్లో ఇదేదో కుటుంబ కథ అనుకుని వదిలేస్తారు. పుట్టినరోజు వేడుకలో ఆ యుద్ధానికి వెళ్ళొచ్చిన బెర్నార్ తన చెల్లెలికి బ్రూచి (బట్టకు గుచ్చుకునే నగ) ఇచ్చే దృశ్యంలో ఎవరు ఏమన్నారో రాసిపెట్టుకోండి, "రాత్రి" చదివాక ఆ మాటలే తిరిగి చూడాల్సి వస్తుంది.