ఆర్టీసీలన్నీ కలిసి ఒకే రకం బస్సులు కొంటే ఖర్చు తగ్గుతుందా?

పాలమూరు ప్యాసింజర్:
ఒక్కో రాష్ట్రం విడిగా టెండర్ పిలిచి, విడిగా బేరమాడి ఏం సాధిస్తున్నట్టు? 2022లో హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ, కోల్‌కతా, సూరత్ కలిపి 5,450 ఎలక్ట్రిక్ బస్సులకు ఒకటే టెండర్ వేశారు. కిలోమీటరు రేటు డీజిల్ బండి కంటే తక్కువ పడింది. మన పల్లెవెలుగుకూ అట్లనే చేయొచ్చు కదా?

మన్ననూరు మలుపు:
అది కొనడం కాదన్నా, కిలోమీటరుకు ఇంత అని అద్దె. రిపేరు బాధ కంపెనీదే. సొంత బండి లెక్క వేరు. పైగా శ్రీశైలం ఘాట్ ఎక్కే బండికీ మిర్యాలగూడ చదును రోడ్డు మీద తిరిగే బండికీ ఒకటే మోడలా? అందరం ఒకే కంపెనీని నమ్ముకుంటే వచ్చేసారి వాడు చెప్పిందే రేటు. ఒక్క లోపం బయటపడితే బండ్లన్నీ ఒకేసారి షెడ్డులో.

గ్యారేజీ తాత (నల్లగొండ):
నేను మాత్రం ఒకటే రకం కావాలంటా. ఓ రాత్రి పదకొండింటికి దేవరకొండ బండి క్లచ్ పోయి వచ్చింది. పొద్దున ఐదింటికి మళ్లీ రోడ్డెక్కాలి. స్టోర్‌లో మూడు క్లచ్ ప్లేట్లున్నాయి, మూడూ వేరే మోడళ్లవి. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కోసం ఆపిన బండిది విప్పి దీనికి వేశాం. ఆ బండి ఇంకో నాలుగు రోజులు అక్కడే పడుంది. విడిభాగాలకు ఆర్టీసీల సంఘం ఏఎస్‌ఆర్‌టీయూ అందరి తరఫున రేటు మాట్లాడుతుంది, నిజమే. కానీ మోడల్‌కో రకం సామాను స్టోర్ అరల నిండా పెట్టుకోవాల్సి వస్తే ఆ తగ్గింపు ఏ మూలకు?

పాలమూరు ప్యాసింజర్:
నేనూ ఒకే కంపెనీ అనలేదు. ఎవరు తయారుచేసినా అద్దం, సీటు, బ్రేక్ లైనింగ్, మెట్టు ఒకే కొలతలో ఉండాలంటున్నా. ఘాట్ బండ్లకు వేరే ఇంజను పెట్టుకోండి, కాదన్నదెవరు?

టిమ్ అక్క:
మెట్టు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి (ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం) మొదలైనప్పటి నుంచి సంత రోజు నా బండిలో కాలు పెట్టే జాగా ఉండదు. కొన్ని బండ్లకు మొదటి మెట్టు మోకాలెత్తు. ముసలమ్మ ముందు గంప లోపలికి తోసి, కడ్డీ పట్టుకుని, వెనక ఎవరో ఒకరు లేపితే గానీ ఎక్కదు. మీ ఒకే కొలత కిందికి వస్తుందా, ఇంత ఎత్తులోనే ఖాయం చేస్తారా?

గ్యారేజీ తాత (నల్లగొండ):
మేం ఒకసారి కింద ఇంకో మెట్టు వెల్డింగ్ చేసి చూశాం బిడ్డా. ఊరి స్పీడ్ బ్రేకర్‌కు తగిలి వంకరపోయింది. వారం తిరగకముందే కోసేశాం.