రగ్బీ లీగ్‌ల క్రొనుల్లా కేసు, మన ఊర్ల సెలైన్ బాటిల్: డోపింగ్ రూల్స్ తెలిసినోళ్లు చెప్పున్రి

మూసీ_రైడర్ (నల్లగొండ):

ఆస్ట్రేలియా రగ్బీ లీగ్‌ల క్రొనుల్లా షార్క్స్ కేసు చదువుతుంటే ఒక సంగతి మింగుడు పడుతలేదు. ఆ క్లబ్బు ఆటగాళ్లకు పెప్టైడ్లు (చిన్న ప్రోటీన్ ముక్కల లాంటి మందులు) సూదులుగ ఇచ్చిన వ్యవహారంల ఎవరి శాంపిల్ కూడా పాజిటివ్ రాలేదంటున్నరు. మరి ఏ ఆధారం మీద నిషేధం వేసిన్రు? సూదుల కార్యక్రమం నడిపింది క్లబ్బు పెట్టుకున్న స్పోర్ట్స్ సైంటిస్టు. ఆటగాళ్లను ఎందుకు పట్టుకున్నరు?

ఊరికె అడుగుతలేను. మన జిల్లాల నుంచి కబడ్డీ, రగ్బీ సెవెన్స్ పిల్లలు నేషనల్స్‌కు, ఖేలో ఇండియాకు పోతున్నరు. ఎండల మ్యాచ్ ఆడినంక ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకునుడు, మోకాలు నొప్పికి సూది, జిమ్ముల విడిగ అమ్మే ప్రీ వర్కౌట్ పౌడర్, దగ్గొస్తే షాపాయన ఇచ్చే సిరప్, ఇవన్నీ మన దిక్కు మామూలే. ఒక పిలగాడు ఆస్తమాకు ఇన్‌హేలర్ వాడుతడు. వీటిల ఏది ముంచుతది? మన దేశంల డోపింగ్ పట్టే సంస్థ నాడా వాళ్లొచ్చి శాంపిల్ అడిగితే ఏం చెయ్యాలె, ఫారంల ఏం రాయాలె?

ట్యాకిల్13 (సూర్యాపేట):

ముందు క్రొనుల్లా సంగతి. శాంపిల్ పాజిటివ్ వస్తేనే డోపింగ్ అనుకునుడు తప్పు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా కోడ్ ప్రకారం నిషేధిత పదార్థం శరీరంల దొరుకుడు ఒక నేరం, దాన్ని వాడుడు ఇంకో నేరం. వాడకాన్ని సాక్షుల మాట, ఒప్పుకోలు, బిల్లులు, మెసేజ్‌లు, మందు తయారు చేసిన ఫార్మసీ రికార్డులు, వేటితోనైనా రుజువు చెయ్యొచ్చు. క్రిమినల్ కోర్టుల కావాల్సినంత గట్టి రుజువు కూడ అక్కర్లేదు. సివిల్ కేసుకు సరిపోయే దానికంటె కొంచెం ఎక్కువుంటే చాలు.

షార్క్స్‌ల జరిగింది 2011 సీజన్‌ల. స్టీఫెన్ డ్యాంక్ అనే ఆయన నడిపిన కార్యక్రమం అది. కేసుల వినిపించిన పేర్లు సీజేసీ-1295, జీహెచ్ఆర్‌పీ-6. ఈ రెండూ శరీరం తన గ్రోత్ హార్మోన్‌ను తానే ఎక్కువ విడుదల చేసేటట్టు చేస్తయి. ఇట్లాంటి చిన్న పెప్టైడ్లు మూత్రంల కొద్ది కాలమే కనవడతయి, అప్పటి ల్యాబ్ పరీక్షలు ఇప్పటంత పదునుగ కూడ లేవు. అందుకే ల్యాబ్ పట్టలేదు. 2013 ఫిబ్రవరిల క్రీడలల్ల మందుల వాడకం మీద ఆస్ట్రేలియన్ క్రైమ్ కమిషన్ రిపోర్టు బయటికొచ్చినంక, అక్కడి డోపింగ్ నిరోధక సంస్థ అసాడా కాయితాలు, ఇంటర్వ్యూల మీదనే కేసు కట్టింది.

2013 డిసెంబర్‌ల అక్కడి రగ్బీ లీగ్ పోటీ నడిపే ఎన్ఆర్ఎల్ క్లబ్బుకు 10 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా, కోచ్ షేన్ ఫ్లానగన్‌కు సస్పెన్షన్ వేసింది. 2014 ఆగస్టుల కెప్టెన్ పాల్ గాలెన్‌తో కలిపి 12 మంది పాత, కొత్త ఆటగాళ్లు ఏడాది నిషేధం ఒప్పుకున్నరు. అప్పటి లెక్క ప్రకారం రెండేండ్లు పడాలె. పెద్ద తప్పు వాళ్లది కాదని సగం తగ్గించి, విచారణ ఆలస్యానికి కారణం వాళ్లు కాదని 2013 నవంబర్ నుంచి లెక్కేసిన్రు. అంటే మైదానంల కూసున్నది కొన్ని వారాలే. నన్నడిగితే ఆ తారీఖు వెనక్కు జరుపుడు మరీ ఉదారం, అప్పుడు చానా మంది తిట్టిన్రు కూడ.

‘నాకు తెల్వదు, డాక్టర్ ఇచ్చిండు’ అంటే శిక్ష తగ్గొచ్చు గాని నేరం పోదు. ఒంట్లకు పోయేదానికి బాధ్యుడు ఆటగాడే. 2013లనే మొదలైన ఎసెండన్ క్లబ్బు కేసు ఇంకా గట్టిది. అది రగ్బీ కాదు, ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్, మనిషి మాత్రం ఇదే డ్యాంక్. థైమోసిన్ బీటా-4 అనే పెప్టైడ్ వాడిన్రని 34 మంది ఆటగాళ్లకు 2016 జనవరిల క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం రెండేండ్లు వేసింది. సంతకాలు పెట్టి సూదులు తీసుకున్నరు, డోప్ టెస్టు ఫారంల మాత్రం ఆ సూదుల మాట రాయలే. అదే వాళ్ల మెడకు చుట్టుకున్నది. ఫారంల ఏం రాయాలన్న నీ ప్రశ్నకు సగం జవాబు అండ్లనే ఉన్నది.

ల్యాబ్‌ల దొరికినోళ్లు లేరని కాదు. ఇంగ్లండ్ రగ్బీ లీగ్ ఆటగాడు టెర్రీ న్యూటన్ రక్త పరీక్షల గ్రోత్ హార్మోన్ దొరికిన ప్రపంచంలనే మొదటి మనిషి. 2009 నవంబర్‌ల శాంపిల్ తీసిన్రు, 2010ల రెండేండ్లు వేసిన్రు. మళ్ల అదే క్రొనుల్లాల బ్రాన్సన్ జెర్రీ 2019 నవంబర్ శాంపిల్‌ల బయటి టెస్టోస్టెరాన్ దొరికి నాలుగేండ్లు పోయిండు. ఇంకోటి, లీగ్ అంటే 13 మంది ఆట. మన పిల్లలు ఆడే సెవెన్స్ రగ్బీ యూనియన్ అనే ఇంకో ఆట కిందికొస్తది. డోపింగ్ జాబితా రెండిటికీ ఒకటే.

మందుల_చిట్టా (మిర్యాలగూడ):

మూసీ తమ్మీ, మీరు రాసిన వాటిలో నన్ను ఎక్కువ భయపెట్టేది పౌడర్ కాదు, సెలైన్.

12 గంటల్లో 100 ఎంఎల్ దాటి నరానికి ఏది ఎక్కించినా నిషేధమే. అందులో ఉన్నది ఉత్త ఉప్పునీళ్లయినా, గ్లూకోజ్ అయినా, బీ కాంప్లెక్స్ అయినా సరే. పోటీ ఉన్న రోజా కాదా అన్న తేడా లేదు. మామూలు బాటిల్ 500 ఎంఎల్. ఆసుపత్రి చికిత్సలో, ఆపరేషన్‌లో, రోగ నిర్ధారణ పరీక్షలో భాగంగా ఇస్తేనే మినహాయింపు. ఆర్‌ఎంపీ గదిలో బల్ల మీద పడుకోబెట్టి ఎక్కించిన బాటిల్‌ను ఆసుపత్రి చికిత్స అని ఎవరూ ఒప్పుకోరు. ఉప్పునీళ్లు ఎట్లా దొరుకుతాయి అంటారా? అమెరికా ఈతగాడు ర్యాన్ లోక్టే 2018లో సెలైన్ ఎక్కించుకుంటూ దిగిన ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. ఎక్కింది నిషేధిత పదార్థమే కాదు, అయినా 14 నెలలు పడ్డాయి. మన పిల్లలు చేతికి సూదితో వాట్సాప్ స్టేటస్ పెట్టడంలో ఎవరికీ తీసిపోరు.

సెలైన్ బదులు ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్ ఒక లీటర్ నీళ్లలో, చిన్నదైతే దాని మీద రాసిన కొలతలో. మ్యాచ్‌కు ముందు, తర్వాత బరువు చూడండి. తగ్గిన ప్రతి కిలోకు లీటరుంపావు నుంచి లీటరున్నర దాకా కొద్దికొద్దిగా తాగించాలి. వాంతులు ఆగకపోయినా, మాట తడబడినా గ్లాసులతో ప్రయోగాలు వద్దు, నేరుగా పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి.

మోకాలి సూది విషయంలో అందులో ఏముందో తెలియాలి. డైక్లోఫెనాక్, పారాసెటమాల్ అయితే ఇబ్బంది లేదు. మన దగ్గర డైక్లోతో పాటు డెక్సా, అంటే డెక్సామెథాసోన్ అనే వాపు తగ్గించే స్టెరాయిడ్, కలిపి కొట్టడం అలవాటు. 2022 జనవరి నుంచి ఇట్లాంటి స్టెరాయిడ్ సూది ఏ దారిలో ఇచ్చినా పోటీ సమయంలో నిషేధం. పోటీ సమయం అంటే ముందు రోజు రాత్రి 11:59 నుంచి. కండకు డెక్సామెథాసోన్ ఇస్తే పోటీకి ముందు కనీసం 5 రోజులు, ఇదే రకం ట్రయామ్సినలోన్ ఇస్తే 60 రోజులు ఎడం ఉండాలి. కీలులో వేస్తే చాలావాటికి 3 రోజులు, ట్రయామ్సినలోన్‌కు 10. నోటి ద్వారా ప్రెడ్నిసొలోన్‌కు 3 రోజులు. ‘బలానికి’ అని ఇచ్చే నాండ్రొలోన్ డెకనోయేట్ అనే కండలు పెంచే స్టెరాయిడ్ సంగతి వేరు. అది ఎప్పుడూ నిషేధమే, ఆనవాళ్లు నెలల తరబడి ఉంటాయి. నొప్పి గోలీల్లో ట్రమడాల్ 2024 జనవరి నుంచి పోటీ సమయపు నిషేధంలోకి వచ్చింది. పారాసెటమాల్‌తో కలిపి అమ్మే గోలీల్లో అది దాక్కుని ఉంటుంది, అట్ట వెనక కూర్పు చదవాలి.

దగ్గు సిరప్‌లో టెర్బ్యుటలిన్ ఉందేమో ముందు చూడండి. క్రికెటర్ పృథ్వీ షా 2019లో దానితోనే 8 నెలలు పోగొట్టుకున్నాడు. ఇన్‌హేలర్ పిల్లవాడికి సాల్బ్యుటమాల్ అయితే అనుమతి ఉంది, కొలత దాటొద్దు. 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 మించకుండా. ఒక పీల్పు 100 మైక్రోగ్రాములైతే 8 గంటల్లో 6 పీల్పులు. అదే సాల్బ్యుటమాల్ గోలీగానో సిరప్‌గానో వేసుకుంటే పూర్తి నిషేధం. నెబ్యులైజర్‌లో ఒక్కసారే 2.5 మిల్లీగ్రాములు పోస్తారు, దానికి టీయూఈ, అంటే వైద్య మినహాయింపు, కావాలి.

కబడ్డీలో బరువు తగ్గించడానికి లాసిక్స్ మింగేవాళ్లకు ఒక్క మాట: అందులో ఉండే ఫ్యూరోసెమైడ్ ఎల్లప్పుడూ నిషేధం. మూత్రం పలచబరిచి ఇంకేదో దాస్తున్నారన్న అనుమానం కూడా మీదేసుకుంటారు.

పాలమూరు_పట్టు:

గింత భయపెట్టకున్రి అన్నా. ఆయుర్వేద లేహ్యం, చూర్ణం తింటే ఏ టెస్టుల రాదు. మా దిక్కు పహిల్వాన్‌లందరు అవ్వే తింటరు.

మందుల_చిట్టా (మిర్యాలగూడ):

వస్తుంది తమ్మీ. విషముష్టి, అంటే ముషిణి గింజలో ఉండే స్ట్రిక్నిన్ నిషేధిత జాబితాలో పేరు పెట్టి ఉంది. కొన్ని ఆయుర్వేద, హోమియో మందుల్లో ఆ గింజ పడుతుంది. ఉబ్బసానికి ఇచ్చే సోమలతలో ఎఫెడ్రిన్ ఉంటుంది, మూత్రంలో ఎంఎల్‌కు 10 మైక్రోగ్రాములు దాటితే పోటీ సమయంలో పాజిటివ్. లేబుల్ లేని డబ్బాలో అమ్మే ‘బలం పొడి’లో స్టెరాయిడ్ కలిపారో లేదో తిన్నవాడికీ తెలియదు, అమ్మినవాడూ చెప్పడు.

జిమ్ పౌడర్ల లెక్క కూడా ఇదే. వే ప్రోటీన్, క్రియాటిన్, కెఫీన్ నిషేధం కాదు. ప్రీ వర్కౌట్, ఫ్యాట్ బర్నర్, టెస్ట్ బూస్టర్ అన్న పేర్లతో ఉన్నవే ఎక్కువ ముంచేది. లేబుల్ మీద డీఎంఏఏ, మిథైల్‌హెక్సానమైన్, జెరేనియం సారం, హైజెనమైన్, ఆస్టరిన్, లిగాండ్రాల్ అన్న మాటల్లో ఏది కనబడినా డబ్బా కింద పెట్టేయండి. మ్యాచ్‌కు ముందు కొట్టుకునే మెఫెంటర్మిన్ సూది నిజానికి ఆపరేషన్ టేబుల్ మీద బీపీ పడిపోతే ఇచ్చేది. డోపింగ్ ఒక్కటే కాదు, గుండెకు కూడా ప్రమాదం.

విడిగా కవర్లో కట్టిచ్చే పౌడర్ మాత్రం ముట్టనే వద్దు, దానికి బ్యాచ్ నంబర్ ఉండదు. కల్తీ వల్ల పాజిటివ్ వచ్చిందని నిరూపిస్తే రెండేళ్ల నిషేధం హెచ్చరిక దాకా తగ్గే వీలుంది. కానీ నిరూపించాలంటే బిల్లు, వాడిన డబ్బా, అదే బ్యాచ్‌ది సీలు విప్పని డబ్బా ఒకటి చేతిలో ఉండాలి. కవర్లో తెచ్చిన పొడికి ఇవేవీ ఉండవు.

డోప్_కంట్రోల్ (మహబూబ్‌నగర్):

శాంపిల్ రోజు సంగతి చెప్త. మ్యాచ్ అయిపోగానే ఒకరొచ్చి గుర్తింపు కార్డు చూపిస్తరు, నోటిఫికేషన్ మీద సంతకం తీసుకుంటరు. ఆ క్షణం నుంచి శాంపిల్ ఇచ్చే దాక వాళ్ల కండ్ల ముందలనే ఉండాలె. మెడల్ తీసుకోవాలె, దెబ్బకు కట్టు కట్టించుకోవాలె అంటే పోనిస్తరు, వెంబడే వస్తరు. ‘బస్ పోతది సారు’ అని జారుకుంటే అది తప్పించుకునుడు కిందికొస్తది. శాంపిల్ ఇయ్యకుంటే నాలుగేండ్ల దాక పడుతది, పాజిటివ్‌తో సమానం. కోచ్‌లు ఈ ఒక్క మాట బస్సులనే చెప్పాలె.

తాగేది సీలు వేసిన బాటిలే, ఆటగాడే తెరవాలె. ఆత్రంగ రెండు లీటర్లు తాగొద్దు. మూత్రం మరీ పలచగుంటే లెక్కకు రాదు, మళ్ల ఇయ్యాలె, రాత్రి దాక అక్కడ్నే కూసుంటవు. కనీసం 90 ఎంఎల్ కావాలె. తక్కువొస్తే దాన్ని సీల్ చేసి పెట్టి మిగిలింది తర్వాత తీసుకుంటరు. అదే లింగానికి చెందిన అధికారి ఎదురుంగ ఇయ్యాలె, పిల్లలు ఈడ సిగ్గుపడుతరు, ముందే చెప్పి పెట్టున్రి. 18 ఏండ్లు నిండనోళ్లకు తోడు ఒక పెద్దమనిషి ఉండొచ్చు.

కిట్ ఆటగాడే ఎంచుకుంటడు. బాటిళ్ల మీద, పెట్టె మీద, ఫారం మీద నంబర్ ఒకటేనా చూసుకోవాలె. ‘ఏ’, ‘బీ’ అనే రెండు బాటిళ్లల్ల పోసుడు, మూత బిగించుడు కూడ అతనిదే పని. ఫారంల గడిచిన 7 రోజులల్ల వేసుకున్న ప్రతి గోలీ, సూది, పౌడర్, చూర్ణం రాయాలె. ‘జ్వరం గోలీ’ అని కాదు, అట్ట మీద పేరు, డోసు, తారీఖు. మందుల ఫొటోలు ఫోన్ల ఉంటే పని సులువైతది. ఏదన్నా తేడా అనిపిస్తే వ్యాఖ్యల గడిల అప్పుడే రాయాలె. కాపీ తీసుకోకుండ కదలొద్దు.

ఒకవేళ పాజిటివ్ వస్తే ముందు నోటీసు వస్తది, ‘బీ’ బాటిల్‌ల ఉన్న శాంపిల్‌ను కూడ పరీక్ష చెయ్యమని అడిగే హక్కుంటది. నాలుగేండ్లు పడే నేరమైతే, అభియోగం అందినంక 20 రోజుల్ల నేరం, శిక్ష రెండూ ఒప్పుకుంటే ఒక ఏడాది తగ్గుతది. నోటీసును ఊర్ల పాత అడ్రస్‌కు పంపిచ్చుకొని గడువు పోగొట్టుకోవద్దు, ఫారంల ఈమెయిల్, ఫోన్ సరిగ్గ రాయున్రి.

కోచ్‌లకు, పీఈటీలకు ఇంకోటి. మైనర్‌కు కండలు పెంచే స్టెరాయిడ్ లాంటిది అందిస్తే ఇచ్చినోనికి జీవితకాల నిషేధం.

మూసీ_రైడర్ (నల్లగొండ):

చానా థాంక్స్ అన్నలు. ఒక్క అనుమానం మిగిలింది. టోర్నీ మధ్యల పిలగాడు ఎండదెబ్బకు నిజంగనే పడిపోతే, దవాఖానల సెలైన్ ఎక్కిస్తే తర్వాత ఆడొచ్చునా?

మందుల_చిట్టా (మిర్యాలగూడ):

ఆడొచ్చు, కానీ డాక్టర్ ఆడమన్నప్పుడే. ఆసుపత్రిలో చేర్చి ఇచ్చిన సెలైన్‌కు మినహాయింపు ఉంది, అందులో కలిపిన మందులకు లేదు. కాబట్టి కేస్ షీట్, డిశ్చార్జ్ కాయితం జిరాక్స్ తీసుకోండి. ఎన్ని ఎంఎల్, ఏ సమయానికి, బాటిల్‌లో ఏమేమి కలిపారు, ఎందుకు ఎక్కించాల్సి వచ్చింది, ఇవన్నీ అందులో ఉండాలి. డెక్సా లాంటిది ఇచ్చి ఉంటే వెంటనే నాడాకు టీయూఈ దరఖాస్తు పెట్టండి. అత్యవసర చికిత్సకు తర్వాత కూడా తీసుకుంటారు. ముందే తెలిసిన జబ్బుకైతే పోటీకి 30 రోజుల ముందు పంపాలి. మామూలు మందులకు నాడా వాళ్ల ‘నో యువర్ మెడిసిన్’ యాప్‌లో పేరు కొట్టి చూడొచ్చు, సప్లిమెంట్లకు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. జాబితా ప్రతి జనవరి 1న మారుతుంది, పోయిన ఏడాది సరే అన్న మందును కూడా మళ్లీ చూడాలి.