కాలనీ పార్కులో డిస్క్ గోల్ఫ్ బుట్టలు ఉంచాలా, తీసేయాలా?

వేపచెట్టు: మేముండేది అమెరికాలో, టెక్సాస్‌లోని ఆస్టిన్‌కు ఉత్తరాన. కాలనీ వెనక చిన్న పార్కులో తొమ్మిది హోళ్ల డిస్క్ గోల్ఫ్ ఉంది, అంటే ప్లాస్టిక్ డిస్కును విసిరి స్తంభానికున్న బుట్టలో వేసే ఆట. ఒక్కో హోల్‌కు ఒక బుట్ట, అన్నీ పార్ 3, అంటే మూడు విసుర్లలో ముగించాల్సినవి. బుట్టలు తీసేసి నడకదారి వెడల్పు చేయమని నివాసుల సంఘానికి అర్జీ పెడుతున్నాం. ఆరో బుట్ట దారికి పది అడుగుల్లో ఉంది. మొన్న మా అమ్మ నడుస్తుంటే డిస్క్ వచ్చి కాళ్ల ముందు పడింది. అప్పటి నుంచి ఆవిడ గడప దాటడం లేదు. సంతకం చేసేవారు చెప్పండి.

గొలుసు చప్పుడు: అమ్మగారికి అలా జరగడం తప్పే. మనిషికి తగిలే అవకాశం ఉంటే విసరకూడదని ఆట నియమాల్లోనే ఉంది. కానీ ఆ దూరం పది కాదు, ఇరవై రెండు అడుగులు. నేను టేపుతో కొలిచాను. ఆరో టీని, అంటే డిస్కు విసిరే చోటును, ఎడమకు జరిపితే డిస్కు చెట్ల వైపు వెళుతుంది. ఒక్కదాని కోసం తొమ్మిదీ పీకుతారా? 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్‌లో ఈ ఆటకు రూపమిచ్చిన ఎడ్ హెడ్రిక్ మొదటి శాశ్వత కోర్సు (ఆట స్థలం) వేసింది కూడా ఇలాంటి పబ్లిక్ పార్కులోనే. అప్పుడు బుట్టలు కూడా లేవు, స్తంభానికి గురి పెట్టేవారు. తగిలిందా లేదా అని తగాదాలు పెరిగాకే డిస్కును ఆపే గొలుసుల బుట్టలు వచ్చాయి.

వేపచెట్టు: టేపు స్తంభం నుంచి పెట్టారా, బుట్ట అంచు నుంచా? దారి మధ్యకు కొలిచారా, అంచుకా?

కొత్త కోడలు: అంచు నుంచి కొలిస్తే అడుగు తగ్గుతుందేమో! డిస్కు సుమారు 175 గ్రాముల బరువుంటుంది, నుదుటికి తగిలితే కుట్లే. అది మాట్లాడండి.

నీటికుంట: ఆస్టిన్‌లోనే పీజ్ పార్కు కోర్సును 2011లో మూసేశారు. తొక్కి తొక్కి నేల గట్టిపడింది, చెట్లు దెబ్బతిన్నాయి. మన ఓక్ చెట్లకూ అదే గతి.

గొలుసు చప్పుడు: అక్కడ తెల్లవారి నుంచి చీకటి పడేదాకా జనమే. మన దగ్గర ఆదివారం కూడా పది మంది ఉండరు.

వేపచెట్టు: అదే నేనూ అంటున్నది! పది మందికి అంత స్థలమా?

మిడ్ వికెట్: వేపచెట్టు గారూ, మన క్రికెట్ జట్టు సమావేశంలో మీరే కదా చెప్పారు, బుట్టలు పోతే అయిదు, ఆరు, ఏడు హోళ్ల చోట పిచ్ పడుతుందని? ఇక్కడ నడకదారి అంటున్నారేమిటి?

గొలుసు చప్పుడు: ఓహో. అమ్మగారిని అడ్డం పెట్టుకుని పిచ్ అడుగుతున్నారన్నమాట.

వేపచెట్టు: మా అమ్మ మాట ఎత్తవద్దు. డిస్కు పడింది నిజం. పిచ్ కావాలన్నదీ నిజం, అయితే ఏమిటి? మేము టెన్నిస్ బంతితో ఆడితే వారం తిరక్కుండా 'బంతి ఆటలు నిషేధం' అని బోర్డు పెట్టారు. గాలిలో డిస్కులు తిరగవచ్చట! ఇంటి పన్ను మేమూ కడుతున్నాం. మనవాళ్లే మన ఆటకు అడ్డం పడితే ఇక ఎవరికి చెప్పుకోవాలి?

గొలుసు చప్పుడు: మన ఆట అంటే ఎవరి ఆట? మా అబ్బాయిని మీ జట్టులో సీజనంతా బౌండరీ దగ్గర నిలబెట్టారు, ఒక్కసారి బ్యాటు ఇవ్వలేదు. వాడు క్రికెట్టే మానేశాడు. ఆ పార్కులో ఒక అమెరికన్ పెద్దాయన తన పట్టర్ (బుట్టకు దగ్గరి నుంచి విసిరే డిస్కు) వాడి చేతికిచ్చి, మణికట్టు ఎలా తిప్పాలో చూపించాడు. ఇప్పుడు వాడు బడి నుంచి రాగానే అక్కడికే పరుగు. ఆయన దగ్గరికి వెళ్లి, మీ బుట్టలు పీకించినవాళ్లలో నేనూ ఉన్నానని చెప్పమంటారా?

నీటికుంట: మరి చెట్ల సంగతి?

కొత్త కోడలు: టీ జరపమని ఒక అర్జీ, పిచ్‌కు చోటు అడుగుతూ ఇంకొకటి పెట్టండి. రెండింటికీ సంతకం చేస్తాను.

గొలుసు చప్పుడు: మొదటిదానికి నేను సిద్ధం. రెండోదాని మాట, పిల్లలకు బ్యాటింగ్ ఇస్తారని తేలాక.

వేపచెట్టు: బ్యాటింగ్ క్రమం రాసేది నేను కాదు, మీ బావగారు. ఆయన్నే అడగండి.