సమస్యాపూరణం: “వెనుక నడచి కారు వెలను పెంచె”

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

ఇది ఎక్కడ పుట్టిందో చెప్పాలి. పోయిన ఆదివారం మా తమ్ముడితో బెంగళూరులో ఒక సెకండ్ హ్యాండ్ కార్ల షోరూముకి వెళ్ళాను. మీటరులో 38,000 కిలోమీటర్లు. కానీ బ్రేకు పెడల్ రబ్బరు మీద గీతలన్నీ అరిగిపోయి, అద్దంలా నున్నగా ఉంది. అనుమానమొచ్చి సర్వీసు రికార్డు తీయిస్తే, రెండేళ్ళ కిందటే 91,000 దాటింది! మీటరు వెనక్కి తిప్పారన్నమాట. ఆ కోపంలో వచ్చిన పాదం. పూరించండి.

మారతహళ్ళి మిత్రుల పూరణ:

లక్ష తిరిగె బండి, లాఘవమొప్పగ
మీటరంకెలన్ని మెల్ల దించి
కొనెడి మాకు చూపి కొత్తదె యని పల్కె:
వెనుక నడచి కారు వెలను పెంచె!

నా మాట: నేను అనుకున్న భావమే, గణాలూ యతీ సరిపోయాయి. “మెల్ల దించి” దగ్గర మాత్రం “మెల్లగా” అనే మాట కుంటింది. పాత బండి కొనేటప్పుడు టైరు పక్కన అచ్చయ్యే నాలుగంకెలు కూడా చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైన టైరు. మీటరు తిప్పినవాళ్ళు ఆ అంకెల్ని మరిచిపోతుంటారు.

వైట్‌ఫీల్డ్ అక్కగారి పూరణ:

పాత బండికతడు పలికిన వెల చాల
దనుచు గడప దాటి దారి పట్ట
“మరల రండు సారు, మాటాడుదా”మంచు
వెనుక నడచి, కారు వెలను పెంచె!

భలే విరుపండీ! “నడచి” దగ్గర కామా పెట్టగానే నడిచింది కారు కాదు, షోరూమువాడు. పెరిగింది మనం ఎక్స్చేంజికి ఇచ్చే పాత కారు వెల. పాదంలో ఒక్క అక్షరం కదపకుండా వైరుధ్యం విడిపోయింది. నాకు ఈ ఆలోచనే రాలేదు. అక్కగారు తమ బండి ఇన్సూరెన్సులోని ఐడీవీ (ఇన్సూరెన్సు కంపెనీ బండికి కట్టిన విలువ) కాగితం చేత్తో పట్టుకుని లేచారట. పద్యంలో కనిపించకపోయినా, అతను వెనకాలే వచ్చింది అందుకే.

బన్నేరుఘట్ట రోడ్డు తమ్ముడి పూరణ:

నిన్న మేము చూడ నేడు వేరొక పార్టి
వచ్చుచుండె ననుచు భయము పెట్టి
తొలుత టోకెనిచ్చి తొందరపడుమంచు
వెనుక నడచి కారు వెలను పెంచె!

తమ్ముడూ, మొదటి ప్రయత్నమన్నావు, ధార బాగుంది. రెండో పాదంలో “వ”కి “భ” యతి చెల్లింది. అసలు చిక్కు మూడో పాదంలో ఉంది. టోకెను (ముందు కట్టే అడ్వాన్సు) అడిగినవాడు వెనుక ఎందుకు నడిచాడు? పద్యంలో కారణం లేదు.

తమ్ముడి జవాబు: “మేం వేరే కారు వైపు వెళ్తుంటే వెంటపడ్డాడండీ. టోకెను ఇవ్వలేదు. ఆర్‌సీలో హైపోథికేషన్ (బ్యాంకు అప్పుకి తాకట్టు) ఉంది, బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 (ఆ తాకట్టు రద్దు కాగితం) చూపించమంటే నసిగాడు.”

ఆ మాటే పద్యంలోకి రావాలి:

వేరు కారు వైపు వెళ్ళుచుండగ మాకు
వెనుక నడచి కారు వెలను పెంచె!

తమ్ముడు: “ఇప్పుడు అతికింది. టోకెను పాదం పోయినందుకు మాత్రం బాధగా ఉంది. దాన్ని ఫారం 29, 30 (బండి పేరు మార్పిడి కాగితాలు) మీద ముందే సంతకాలు పెట్టించుకునే వాళ్ళ మీద ఇంకో పూరణలో పెడతాను. శనివారం రాత్రికి పంపుతానండీ.”