ఆంగ్లంలో 'ఆర్'కు ముందు వచ్చే అచ్చులు: చెవికి ఒకటే, కలానికి అయిదు

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇరవై ఏళ్లుగా ఆంగ్లం చదువుతున్నాను, ఉద్యోగరీత్యా రోజూ రాస్తున్నాను. అయినా ఒక్క చోట నా చెయ్యి ఇప్పటికీ తడబడుతుంది. 'ఆర్' అక్షరానికి ముందు ఏ అచ్చు రాయాలన్నది ఎంత ఆలోచించినా నాకు తోచదు. పక్షిని తెలిపే 'బర్డ్', మాట అనే అర్థమున్న 'వర్డ్', విన్నాను అని చెప్పే 'హర్డ్', ఆసుపత్రిలోని 'నర్స్', ఆమెను సూచించే 'హర్' నా చెవికి ఒకే 'అర్'గా వినిపిస్తాయి. కాగితం మీద మాత్రం మొదటిదానిలో ఐ, రెండోదానిలో ఓ, మూడోదానిలో ఇ, ఎ రెండూ, నాలుగోదానిలో యు, చివరిదానిలో ఇ ఉంటాయి. మొన్న ఒక నివేదికలో 'గ్రామర్', 'క్యాలెండర్' అనే రెండు మాటలనూ ఇ-ఆర్‌తో ముగించాను. రెండూ తప్పేనని పై అధికారి దిద్ది పంపారు.

పలకడంలోనూ ఇదే ఇబ్బంది ఉంది. వెచ్చదనాన్ని తెలిపే 'వార్మ్'ను నేను 'కార్'లోని అచ్చుతో పలుకుతాను, అది సరికాదంటున్నారు. నా 'బర్డ్' మరీ పొట్టిగా ఉందని, అందులోని రేఫ మరీ గట్టిగా ఉందని కూడా అంటున్నారు. నా చెవిలో లోపముందా, లేక దీనికి నేను నేర్చుకోని సూత్రమేదైనా ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం (ఉచ్చారణ బోధించే ఉపాధ్యాయురాలు)

మీ చెవిలో ఏ లోపమూ లేదండి. మీరు చెప్పిన అయిదు మాటల్లోనూ బ్రిటన్ ప్రామాణిక ఉచ్చారణలోనైనా, అమెరికా ఉచ్చారణలోనైనా ఉన్నది ఒకే అచ్చు. జాన్ వెల్స్ అనే ధ్వనిశాస్త్రవేత్త 1982లో ఆంగ్ల పదాలను అచ్చుల ప్రకారం వర్గాలుగా విడదీసి ఒక్కొక్క వర్గానికి ఒక నమూనా మాటను పేరుగా పెట్టినప్పుడు, ఈ మాటలన్నింటినీ 'నర్స్' వర్గంలోనే చేర్చారు. కాబట్టి ధ్వనిని బట్టి వర్ణక్రమాన్ని ఊహించే ప్రయత్నం ఇక్కడ ఎవరికీ ఫలించదు, ఆంగ్లం మాతృభాషగా ఉన్న పిల్లలకు కూడా.

ముందు ఉచ్చారణ సంగతి చూద్దాం. ఈ అచ్చు తెలుగులో లేదు. మనం దాని స్థానంలో హ్రస్వమైన 'అ' పలికి, వెంటనే నాలుక కొనను పైపళ్ల వెనుక చిగురుకు తాకించి 'ర్' అంటాం. అసలు ధ్వనిలో నాలుక పైకీ లేవదు, కిందికీ దిగదు. నోటి నడుమ తేలికగా నిలుస్తుంది, పెదవులు గుండ్రం కావు, అచ్చు నిడివి మన దీర్ఘమంత ఉంటుంది. బ్రిటన్ పద్ధతిలో తర్వాత హల్లు వచ్చినా, మాట అక్కడితో ముగిసినా రేఫ అసలే వినిపించదు. అమెరికా పద్ధతిలో వినిపిస్తుంది గాని, అక్కడ కూడా నాలుక కొన ఎక్కడా తాకదు. నాలుక వెనక్కి ముడుచుకొని అచ్చుతో పాటే ఆ రంగు పులుముతుంది. రెంటిలో ఏది ఎంచుకున్నా ఫరవాలేదు, కాని నిడివి తగ్గించకూడదు. 'ఫస్టు' అనే మాటను చూడండి: రేఫను మనం ఎప్పుడో వదిలేశాం, దానితో పాటు దీర్ఘాన్నీ వదిలేశాం, తప్పంతా ఆ రెండో పనిలోనే ఉంది. నిడివి పోతే బ్రిటన్ పద్ధతిలో చొక్కాకు చెప్పే 'షర్ట్' మూసివేయడానికి చెప్పే 'షట్' అయిపోతుంది, గాయపరచడమనే 'హర్ట్' గుడిసె అనే 'హట్' అయిపోతుంది.

వర్ణక్రమానికి నేను విద్యార్థుల చేత ఒక వాక్యం రాయిస్తాను: 'ది అర్లీ బర్డ్ హర్డ్ హర్ ఫస్ట్ వర్డ్ ఆన్ థర్స్‌డే.' ఇందులో ఆ అచ్చు ఏడు మాటల్లో వస్తుంది, దానికి అయిదు రాతలు కనిపిస్తాయి. 'అర్లీ', 'హర్డ్' మాటల్లో ఇ-ఎ-ఆర్, 'బర్డ్', 'ఫస్ట్' మాటల్లో ఐ-ఆర్, 'హర్'లో ఇ-ఆర్, 'వర్డ్'లో ఓ-ఆర్, గురువారంలో యు-ఆర్. కొత్త మాట ఎదురైనప్పుడల్లా దాన్ని ఈ ఏడింటిలో ఏదో ఒకదాని కింద చేర్చి రాసుకోండి. విడిగా గుర్తుపెట్టుకున్న మాట జారిపోతుంది, తోడు దొరికిన మాట నిలుస్తుంది.

ఓ-ఆర్ కుటుంబానికి మాత్రం గట్టి సూత్రమే ఉంది. దాదాపు ఎప్పుడూ ముందు డబ్ల్యు ఉంటుంది: 'వర్డ్', 'వర్క్', 'వరల్డ్', పురుగు అనే 'వర్మ్', విలువ అనే 'వర్త్', 'వర్స్', 'వర్షిప్'. అదే డబ్ల్యు తర్వాత ఎ-ఆర్ వస్తే, అది 'కార్'లోని అచ్చు కాకుండా 'నార్త్'లోని అచ్చు అవుతుంది. 'వార్', 'వార్డ్', 'వార్మ్', హెచ్చరించడమనే 'వార్న్' అలాంటివే. 'క్వార్టర్' కూడా ఇందులో చేరుతుంది, ఎందుకంటే క్యూ-యు జంటలో డబ్ల్యు ధ్వని దాగి ఉంది. మీ 'వార్మ్' విషయంలో జరిగింది ఇదే. తెలుగు లిపిలో 'కార్', 'వార్' రెండింటికీ ఒకే దీర్ఘం రాస్తాం కనుక తేడా కంటికి కనబడదు. 'వార్' అనేటప్పుడు పెదవులు గుండ్రం చేసి చూడండి. దుస్తులు ధరించడానికి చెప్పే 'వేర్' అనే క్రియ భూతకాల రూపాలైన 'వోర్', 'వోర్న్' మాత్రం ఈ సూత్రానికి లొంగవు.

ఇ-ఎ-ఆర్ విషయం కొంచెం చిక్కైనదే అయినా అందరూ భయపడేటంత కాదు. ఆ మూడక్షరాల తర్వాత హల్లు ఉంటే సాధారణంగా అది 'నర్స్' అచ్చే: భూమి, నేర్చుకోవడం, వెతకడం, సంపాదించడం, ముత్యం అనే అర్థాలున్న ఆంగ్ల పదాలన్నీ ఇంతే. గుండెను తెలిపే 'హార్ట్', పొయ్యిగూడును తెలిపే 'హార్త్', గడ్డాన్ని తెలిపే 'బియర్డ్' దీనికి మినహాయింపులు. మాట ఆ మూడక్షరాలతోనే ముగిస్తే 'నియర్', 'ఫియర్', 'క్లియర్' అన్నట్టు పలుకుతుంది. అక్కడ 'బేర్', 'పేర్', 'వేర్', 'స్వేర్', చింపడమనే 'టేర్' అనే అయిదింటిని కంఠస్థం చేయండి. కన్నీటిని తెలిపే మాటకూ అదే వర్ణక్రమం ఉన్నా, దాన్ని 'టియర్' అనే పలకాలి.

రెండో సమాధానం (భాషాచరిత్ర చదువుతున్న విద్యార్థి)

ఇన్ని రాతలు ఎందుకు మిగిలాయో తెలిస్తే విసుగు తగ్గుతుందని నా నమ్మకం. ఒకప్పుడు ఇ-ఆర్, ఐ-ఆర్, యు-ఆర్ మూడింటినీ మూడు రకాలుగా పలికేవారు. రాత అప్పటి పలుకుబడికి నిజమైన నకలు. 1476లో విలియం కాక్స్‌టన్ ఇంగ్లండులో ముద్రణాలయం నెలకొల్పిన తర్వాత వర్ణక్రమం క్రమంగా గట్టిపడింది. పలుకు మాత్రం ఆగలేదు. తర్వాతి శతాబ్దాల్లో ఆ మూడు అచ్చులూ ఒకటైపోయాయి, రాతలో మూడూ మిగిలిపోయాయి. స్కాట్లాండులో ఈనాటికీ చాలామంది వాటిని వేరువేరుగానే పలుకుతారు. వారి మాటలు వింటే రాతకు అర్థం ఏమిటో తెలుస్తుంది. దక్షిణ ఇంగ్లండులో రేఫ కూడా తరువాత క్షీణించింది. 1791లో ఉచ్చారణ నిఘంటువు వెలువరించిన జాన్ వాకర్, లండన్ వారి నోట రేఫ ఎంతో మెత్తబడి దాదాపు అచ్చులా వినిపిస్తున్నదని అప్పుడే గుర్తించారు.

మరో మార్పు కూడా చెప్పాలి. మధ్యయుగం చివర చాలా మాటల్లో 'ఎర్' కాస్తా 'ఆర్'గా మారింది. 'స్టార్', 'ఫార్మ్', 'డార్క్' మాటల్లో పలుకుతో పాటు రాతా మారింది. 'సార్జెంట్'లో పలుకు మారింది, రాతలో ఇ-ఆర్ ఉండిపోయింది. 'పర్సన్', మతగురువును తెలిపే 'పార్సన్' ఒకే మూలం నుంచి చీలిన రెండు మాటలు. 'యూనివర్సిటీ'ని కుదిస్తే 'వార్సిటీ' అయింది కూడా ఈ మార్పు వల్లనే. ఇది చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఇక మన తెలుగువారికి ప్రత్యేకంగా ఉపయోగపడే సంగతి ఒకటుంది. పై సమాధానంలో అది రాలేదు కనుక కొంచెం విస్తరించి రాస్తున్నాను. గుర్రం అనే 'హార్స్', గొంతు బొంగురుపోవడాన్ని తెలిపే 'హోర్స్' నేటి లండన్ ఉచ్చారణలోనూ, అమెరికాలో అత్యధికుల నోటనూ ఒకటే. పూర్వం అవి వేరు. ఆ పాత భేదం ఆంగ్లం నుంచి మనం తెచ్చుకున్న ఎరువు మాటల్లో చెక్కుచెదరకుండా ఉంది. మనం 'నార్త్', 'షార్ట్', 'ఆర్డర్', 'కార్నర్', 'టార్చి', 'కార్కు', 'ఫారం' అంటాం, కాని 'కోర్టు', 'కోర్సు', 'బోర్డు', 'డోర్', 'ఫ్లోర్', 'స్టోరు', 'స్కోరు', 'ఫోర్స్' అంటాం. మొదటి జాబితాలో అన్నీ ఓ-ఆర్, ఆ తర్వాత హల్లు. రెండో జాబితాలో చాలావాటిలో ఓ-యు-ఆర్, ఓ-ఎ-ఆర్, ఓ-ఓ-ఆర్, ఓ-ఆర్-ఇ కనిపిస్తాయి. అంటే తెలుగులో మీరు దీర్ఘమైన 'ఓ'తో పలికే మాట అయితే, ఆర్ పక్కన మరో అచ్చు అక్షరం ఉండవచ్చని అనుమానించాలి. 'పోర్టు', 'రిపోర్టు', 'స్పోర్ట్స్', 'పాస్‌పోర్టు' మాటల్లో ఆ అదనపు అక్షరం లేదు, ఆ కుటుంబాన్ని వేరుగా పెట్టుకోండి. నాలుగును తెలిపే 'ఫోర్', పద్నాలుగును తెలిపే 'ఫోర్టీన్' మాటల్లో యు రాసి, నలభైని తెలిపే 'ఫార్టీ'లో యు ఎందుకు రాయకూడదని చాలామంది అడుగుతారు. మీ నోరే సమాధానం చెబుతోంది, చూడండి.

కాని ఈ సాయానికి మరో ముఖం ఉంది. 'ఫారం' అని మనం పొలానికీ, నింపవలసిన దరఖాస్తుకూ ఒకే మాట వాడుతున్నాం. ఆంగ్లంలో పలికేటప్పుడు మొదటిదానికి నోరు విశాలంగా తెరవాలి, రెండోదానికి పెదవులు గుండ్రం చేయాలి. ఇక్కడ తెలుగు లిపిని నమ్మితే మోసపోతాం.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. 'ఫార్టీ', 'ఫోర్టీన్' సంగతి చదివి నిజంగా ఆశ్చర్యపోయాను. చిన్నప్పటి నుంచి తేడాగానే పలుకుతున్నాను, ఒక్కనాడూ గమనించలేదు. అయితే నన్ను దిద్దుబాటుకు గురిచేసిన 'గ్రామర్', 'క్యాలెండర్' ఇంకా మిగిలే ఉన్నాయి. మాట చివర వచ్చే ఈ 'అర్' ఎ-ఆర్ అవుతుందా, ఇ-ఆర్ అవుతుందా, ఓ-ఆర్ అవుతుందా అన్నది తెలుసుకునే మార్గమేదైనా ఉందా?

మూడో సమాధానం (అచ్చుదిద్దుడు, అంటే ప్రూఫ్ రీడింగ్ పని చేసేవారు)

మాట చివర వచ్చే ఆ అచ్చు మీద ఊనిక, అంటే ఒత్తి పలకడం, ఉండదు. అందువల్ల అది బలహీనపడి, తన అసలు రూపాన్ని దాచుకుంటుంది. దాన్ని బయటికి రప్పించాలంటే, అదే ధాతువు నుంచి పుట్టిన మరో మాటలో ఊనికను దాని మీదికి తేవాలి. 'గ్రామర్'ను 'గ్రమాటికల్'గా సాగదీయండి, ఎ అక్షరం వినిపిస్తుంది. 'సిమిలర్' నుంచి 'సిమిలారిటీ', 'పాపులర్' నుంచి 'పాపులారిటీ', 'రెగ్యులర్' నుంచి 'రెగ్యులారిటీ' తీస్తే ఎ-ఆర్ అని తేలిపోతుంది. 'ఆథర్' నుంచి 'అథారిటీ', 'మేజర్' నుంచి 'మెజారిటీ', 'ఎడిటర్' నుంచి 'ఎడిటోరియల్' వస్తాయి కనుక అక్కడ ఓ-ఆర్ రాయాలి. 'క్యాలెండర్'కు ఇలాంటి బంధువు వాడుకలో లేదు, దాన్ని బట్టీ పట్టడమే మేలు.

పని చేసేవారిని తెలిపే మాటల్లో మరో గుర్తు ఉంది. 'ఆపరేట్', 'ట్రాన్స్‌లేట్', 'ఎడ్యుకేట్' వంటి ఎ-టి-ఇతో ముగిసే లాటిన్ క్రియల నుంచి వచ్చినవి సాధారణంగా ఓ-ఆర్ తీసుకుంటాయి. 'టీచ్', 'సింగ్', 'రైట్' వంటి అచ్చ ఆంగ్ల క్రియలు ఇ-ఆర్ తీసుకుంటాయి.

నా పనిలో ఎక్కువగా దిద్దవలసి వచ్చే తప్పు మాత్రం ఆర్‌ను రెట్టించడంలో ఉంటుంది. 'ప్రిఫర్', 'రిఫర్', జరగడమనే 'అకర్' మాటల్లో ఊనిక చివరి భాగం మీద ఉంది కనుక భూతకాలంలో రెండు ఆర్‌లు రాయాలి. 'ఆఫర్', 'ఎంటర్' మాటల్లో ఊనిక మొదట ఉంది కనుక ఒకటే చాలు. 'రిఫర్'కు రెండు ఆర్‌లు వచ్చినా 'రెఫరెన్స్'కు ఒక్కటే, ఎందుకంటే అక్కడ ఊనిక మొదటికి జరిగింది. నటుడు ప్రధాన పాత్ర ధరించడాన్ని తెలిపే 'స్టారింగ్'లో రెండు ఆర్‌లు, కళ్లార్పకుండా చూడడాన్ని తెలిపే 'స్టేరింగ్'లో ఒకటి ఉంటాయి. ఒక్క అక్షరంతో అచ్చే మారిపోతుంది కనుక దీన్ని చిన్న తప్పుగా నేను చూడలేను.

మొదటి సమాధానమిచ్చిన ఉపాధ్యాయురాలు

అచ్చుదిద్దుడు చేసేవారు చెప్పిన పద్ధతిని రేపటి నుంచి నా తరగతిలోనూ వాడుకుంటాను. ప్రశ్న అడిగినవారికి అభ్యాసం గురించి ఒక్క మాట: రోజుకు పది నిమిషాలకు మించి చేయకండి. 'షర్ట్–షట్', 'హర్ట్–హట్', కాల్చడమనే 'బర్న్' పక్కన రొట్టె అనే 'బన్', ఇలా జంటలుగా చదివి ఫోనులో రికార్డు చేయండి. మరునాడు ఆ రికార్డును క్రమం తప్పించి విని, విన్నది విన్నట్టు కాగితం మీద రాయండి. ఏ జంటలో మీ పలుకును మీరే పోల్చుకోలేకపోయారో ఆ జంట దగ్గరే ఆ రోజు ఆగండి. వారం తర్వాత 'వార్మ్–వర్మ్', 'వార్డ్–వర్డ్' జంటలకు వెళ్లండి. అప్పటికి పెదవులు గుండ్రమయ్యేదెప్పుడో, ఊరుకునేదెప్పుడో అద్దంలో చూసి కూడా చెప్పగలుగుతారు. ఏ జంట దగ్గర చిక్కు పడిందో ఇక్కడే రాయండి, చూస్తాను.