ఈ వేసవికి సస్పెన్స్ నవలలు చెప్పండి (కరెంటు పోయినా కింద పెట్టబుద్ధి కానివి)

కాలవగట్టు:
అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర మా ఊరొచ్చాను, జూన్ దాకా ఇక్కడే. దాళ్వా కోతలయిపోయాయి, కాలవలు కట్టేశారు, పిల్లలు అడుగున మిగిలిన మడుగుల్లో చేపలు వెతుక్కుంటున్నారు. పన్నెండు దాటితే వీధిలో కుక్క కూడా కదలదు. వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పి వచ్చానుగానీ మూడింటికల్లా కరెంటు పోతోంది. ఇక వసారాలో నవారు మంచమే గతి.

మంచి సస్పెన్స్ నవలలు కావాలి. తెలుగైనా ఇంగ్లీషైనా సరే. దెయ్యాలు, చేతబడులు మాత్రం వద్దు (పక్క మంచం మీద అమ్మ ఉంటుంది, భయపడేది నేను). ఆరొందల పేజీలవి వద్దు. కొత్తవైతే మంచిది. అమ్మకి కూడా పనికొచ్చేవి ఉంటే ఇంకా మంచిది. ఆవిడ తెలుగే చదువుతుంది. ఈమధ్య చిన్న అక్షరాలు కష్టంగా ఉన్నాయంటోంది.

పంటుమీద:
నేను రోజూ సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం వెళ్ళొస్తాను. నా చదువంతా ఆ పంటు మీదే. పోయిన నెల కీగో హిగషినో రాసిన 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' మొదలెట్టాను. రేవులో నిలబడి చదువుతుంటే ఎక్కాల్సిన పంటు నా కళ్ళముందే వెళ్ళిపోయింది. నాకు తెలియలేదు. టిక్కెట్లు కొట్టే కుర్రాడు "ఏవండీ, ఇవాళ ఆఫీసు లేదా" అనడిగితే తలెత్తి చూశాను.

మరీ కొత్తది కాదు, జపాన్‌లో 2005లో వచ్చింది. హత్య మొదట్లోనే అయిపోతుంది. ఎవరు చేశారో, ఎందుకు చేశారో మనకి తెలుసు. పక్కింట్లో ఒక లెక్కల మాస్టారుంటాడు, ఆయన దాన్ని కప్పిపుచ్చడానికి పూనుకుంటాడు. పోలీసులు ప్రశ్న అడిగినప్పుడల్లా జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. ఎలా అన్నదే సస్పెన్సు. రక్తపాతం పెద్దగా లేదు, దెయ్యాలు అసలే లేవు. ఇంతకంటే ఒక్క ముక్క కూడా చెప్పను. దీని మీద తీసిన సినిమాలు చూసి ఉంటే మాత్రం మానెయ్యండి, సగం మజా పోతుంది.

లంకపిల్ల:
నేనూ ఇదే చెబుదామనుకున్నా, మీరు ముందే చెప్పేశారు. అయితే నావి వేరే రెండు.

రిచర్డ్ ఆస్మన్ 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్' (2020). ఇంగ్లండులో రిటైరైనవాళ్ళు ఉండే ఓ కాలనీ. అక్కడ నలుగురు ముసలాళ్ళు గురువారం గురువారం కూర్చుని, పోలీసులు వదిలేసిన పాత కేసులు తిరగేస్తుంటారు. ఈలోగా పక్కనే అసలు హత్య జరుగుతుంది. చదువుతున్నంతసేపూ మా వీధి చివర రావిచెట్టు కింది బ్యాచ్ గుర్తొచ్చారు. ఊళ్ళో ఎవరింటికి ఎవరొచ్చారు, ఎన్నింటికెళ్ళారు, చేతిలో సంచీ ఉందా లేదా, అన్నీ వాళ్ళకి తెలుసు. వాళ్ళకి ఒక కేసిస్తే రెండ్రోజుల్లో తేల్చేస్తారు. కాకపోతే ఊరందరికీ చెప్పేస్తారు కూడా.

రెండోది హరిణి నాగేంద్ర 'ది బ్యాంగలోర్ డిటెక్టివ్స్ క్లబ్' (2022). 1921 నాటి బెంగుళూరు. కావేరి అని లెక్కలంటే ప్రాణం పెట్టే కొత్త పెళ్ళికూతురు, ఆవిడాయన డాక్టరు. హాయిగా సాగుతుంది, గుండె దడేం రాదు. నిజం చెప్పాలంటే హంతకుణ్ణి పట్టుకోవడం కంటే ఆ కాలపు ఇల్లు, అత్తగారి భయం, చీర కట్టుకుని కారు నేర్చుకోవడం, అవే నాకు నచ్చాయి. టెన్షన్ కావాలంటే ఇది కాదు.

పాతకాపు:
చదవడం మానేసి పదేళ్ళయింది. ఫాలో అవుతున్నా.

రాజోలు రీడర్:
దెయ్యాలొద్దంటే ఎలాగండీ! మా రాజోల్లో పుట్టినాయన, యండమూరి వీరేంద్రనాథ్, 'తులసిదళం' రాసి రాష్ట్రం మొత్తాన్ని దుప్పటి ముసుగు పెట్టించాడు. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చేటప్పుడు మా ఇంట్లో పత్రిక రాగానే ముందు ఎవరు చదవాలని అత్తయ్యలిద్దరూ దెబ్బలాడుకునేవారట. చదివాక పెరట్లోకి వెళ్ళడానికి మాత్రం ఇద్దరూ చేతులు పట్టుకుని వెళ్ళేవారట.

లంకపిల్ల:
రాజోలు గారూ, ఆయన షరతు చదివారా అసలు?

రాజోలు రీడర్:
చదివాను. మా ఊరి మాట చెప్పకుండా ఉండలేకపోయాను, ఆయ్.

నా అసలు సలహా 'కొండపొలం'. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాశారు, 2019లో తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది, 2021లో సినిమా తీశారు. డిటెక్టివ్ నవల కాదు. కరువులో మేత లేక గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కిన కాపరుల కథ. కానీ రాత్రి మంద చుట్టూ వీళ్ళు కాపలా కూర్చుని ఉంటారు, చీకట్లో ఎక్కడో పులి ఉంటుంది. ఇంతకంటే సస్పెన్సు ఏం కావాలి? ఆ సీమ మాట మనకి మొదటి ఇరవై పేజీలు అడ్డం పడుతుంది, తర్వాత అదే రుచి. మీ అమ్మగారికి ఇది తప్పకుండా ఇవ్వండి.

రిటైర్డ్ మాస్టారు:
మీరంతా కొత్తవి చెబుతున్నారు. నేను ఓ పాత సంగతి చెబుతాను, కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

మాది పాలకొల్లు. నేను కాలేజీలో ఉన్నప్పుడు బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల కొట్టు ఒకటుండేది. రోజుకి పావలా. అట్టలు ఊడిపోయిన పుస్తకాలకి సిమెంటు సంచీ కాగితంతో అట్ట వేసి, నీలం సిరాతో పేరు రాసేవాడు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, తర్వాత్తర్వాత మధుబాబు షాడో, అన్నీ అక్కడే. కొత్త షాడో వస్తే కొట్టు ముందు సైకిళ్ళు వరసగా ఉండేవి. డిటెక్టివ్ పుస్తకాలకి ఒక జబ్బు. చేతులు మారి మారి కుట్టు ఊడి, ముందు రాలిపోయేవి ఆఖరి పేజీలే.

ఓ వేసవిలో ఒక నవల తెచ్చుకున్నాను. పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. రాత్రంతా లాంతరు దగ్గర చదివాను. డిటెక్టివ్ అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, తలుపు గడియ వేసి, "మీలోనే ఒకరు" అన్నాడు. పేజీ తిప్పితే సిమెంటు సంచీ కాగితం. అంతే.

తెల్లారగానే సైకిలేసుకుని కొట్టుకి పోయాను. కొట్టతను ఏమాత్రం కంగారు పడలేదు. "అదా, పది పేజీలు పోయాయి, కూర్చోండి చెబుతాను" అని, నా డబ్బులతోనే రెండు టీలు తెప్పించి, ముప్పావుగంట చెప్పాడు. హంతకుడు వదినగారి తమ్ముడు. పాలకొల్లు స్టేషనులో నరసాపురం ప్యాసింజరు ఎక్కబోతుంటే, చేతికున్న ఉంగరం చూసి పట్టుకున్నారు. ఎంత బాగా చెప్పాడంటే, ఆ రైలు కూత ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఇరవై ఏళ్ళ తర్వాత రాజమండ్రిలో రోడ్డు పక్కన పాత పుస్తకాల్లో అదే నవల కనపడింది. పూర్తి కాపీ. నిలబడే చివరి పేజీలు తిప్పాను. హంతకుడు ప్లీడరు గుమాస్తా! ఉంగరం లేదు, రైలు లేదు. కథంతా మద్రాసులో జరుగుతుంటే మధ్యలో నరసాపురం ప్యాసింజరు ఎలా వచ్చిందని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. ఆయన కొట్టు మీద కూర్చుని ఎన్ని పుస్తకాలకి ఎన్ని ముగింపులు అల్లాడో! అడుగుదామంటే ఆ కొట్టు స్థానంలో సెల్ రీఛార్జి షాపు ఉంది.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. రచయిత ముగింపు కంటే ఆయనదే బాగుంది.

పంటుమీద:
మాస్టారూ దండం. చదువుతూ నవ్వుతుంటే పంటులో అందరూ నావైపే చూస్తున్నారు.

గోదారోడు:
నాకు దీనికి రివర్సు జరిగింది. లైబ్రరీలో తీసుకున్న క్రైం నవల మొదటి పేజీలోనే ఎవరో పెన్సిల్‌తో "వంటవాడే చంపాడు" అని రాశారు. మూడొందల పేజీలు వంటవాణ్ణే చూస్తూ కూర్చున్నా. తీరా చూస్తే వాడు కాదు. రాసినవాడు ఎవడోగానీ వాడి పాదాలకి నమస్కారం.

ఒక హెచ్చరిక కూడా. ఫోన్లో ఎపిసోడ్లుగా వచ్చే సీరియల్ సస్పెన్సుల జోలికి వెళ్ళేముందు ఆలోచించుకోండి. ఒక యాప్‌లో మొదటి పాతిక భాగాలు ఉచితం. ఇరవయ్యారో భాగంలో తలుపు చప్పుడవుతుంది, ఎవరో తెలియాలంటే నాణేలు కొనుక్కోవాలి. కొన్నాను. తలుపు దగ్గర పాలవాడు. ఇలా మూడుసార్లు చప్పుడు, మూడుసార్లు పాలవాడు. నూట నలభై భాగాలు చదివి వదిలేశాను. బాగా రాసేవాళ్ళు లేరని కాదు, ఉన్నారు. రోజూ ఒక భాగం రాయాల్సి వస్తే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

కాలవగట్టు:
అందరికీ థాంక్స్. పంటుమీద గారు చెప్పిన హిగషినో, రాజోలు గారి కొండపొలం ఆర్డర్ పెట్టాను. ఇంకో డౌటు. మన వైపు జరిగే సస్పెన్స్ నవలలు లేవా? హంతకులందరికీ విశాఖ, హైదరాబాదేనా?

లంకపిల్ల:
ఈ మాట నేనూ ఎన్నిసార్లు అనుకున్నానో! అగాథా క్రిస్టీ 1939లో 'అండ్ దెన్ దేర్ వర్ నన్' రాసింది కదా, పదిమందిని ఒక దీవి మీదికి పంపి తిరిగొచ్చే దారి మూసేసింది. మన లంకల్లో ఏటా జరిగేదే అది! నీళ్ళు పెరిగితే పడవ కడతారు, కరెంటు తీసేస్తారు, ఫోన్ ఛార్జింగు అయిపోతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మా అమ్మమ్మ వాళ్ళు రెండు రాత్రులు స్కూలు మేడ మీద ఉన్నారు. తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు, పాలిచ్చే గేదె ఒకటి. ఎవరి మూటలో ఏముందో ఎవరికీ తెలియదు. తెల్లారేసరికి మేడ మీద ఒక మనిషి తగ్గాడనుకోండి. నీళ్ళలో పడ్డాడా? తోశారా? కథ అక్కడే ఉంది కదా.

గోదారోడు:
గేదె సాక్షి.

రిటైర్డ్ మాస్టారు:
సస్పెన్సు కాదుగానీ మన నేల కావాలంటే మహీధర రామమోహనరావు గారి 'కొల్లాయి గట్టితేనేమి?' ఉంది. ముంగండ అగ్రహారం, గాంధీ రోజులు. అమ్మగారికి నచ్చుతుంది.

పాతకాపు:
ఊరికే ఫాలో అవుదామనుకున్నాను గానీ ఇది చూశాక ఆగలేకపోయా. 1995 జనవరి 8న పాశర్లపూడి బ్లోఅవుట్. గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. నేనప్పుడు ఏడో తరగతి. మా ఊరు కొన్ని మైళ్ళ దూరం. రాత్రి కొబ్బరిచెట్ల నీడలు గోడ మీద కదిలేవి. చంద్రుడి నీడ కదలదు కదా, ఇవి వణికేవి. కోళ్ళు అర్ధరాత్రి కూసేవి. ఆ చప్పుడు ఎంత అలవాటైందంటే, ఆరిన రోజు నిశ్శబ్దానికి నిద్రపట్టలేదు. ఊళ్ళు ఖాళీ చేసి జనం వెళ్ళిపోతే తాళం వేసిన ఇళ్ళన్నీ ఆ వెలుగులో పగటిలా కనపడుతుండేవి. దొంగకి చీకటే లేని ఊరు. ఎవరైనా రాయండి బాబూ. ఆ నవల వస్తే మళ్ళీ చదవడం మొదలెడతాను.

పంటుమీద:
మీరే రాయండి. మొదటి పేజీ ఇప్పుడే రాసేశారు.

కాలవగట్టు:
పది రోజుల తర్వాత అప్‌డేట్. కొండపొలం అమ్మ చేతికిచ్చాను, భూతద్దం పెట్టుకుని చదువుతోంది, రోజుకి పదిహేను పేజీలు. సీమ మాటలకి నన్ను అర్థాలు అడుగుతుంది, నాకూ తెలియవు.

హిగషినో నేను చదువుతూ సాయంత్రం అమ్మకి కథ చెబుతున్నా. నిన్న ఆవకాయ ముక్కలు కొట్టించి తెచ్చాం. ఇద్దరం వసారాలో కూర్చుని జీడి తీసి, లోపలి పొర ఊడబెరికి, పొడిబట్టతో ఒక్కో ముక్కా తుడుస్తున్నాం. నేను సగం దాకా చెప్పాను. లెక్కల మాస్టారు ఏం చేశాడో, పోలీసులు ఎక్కడ తికమకపడ్డారో. అమ్మ ఓ ముక్క చేతిలో పట్టుకుని తుడవడం ఆపేసి, ఒకే ఒక్క మాట అంది. నేను కొట్టిపారేశాను. రాత్రి పుస్తకం పూర్తిచేశాను.

ఆ మాట ఇక్కడ రాస్తే పంటుమీద గారు తిడతారని ఆయనకి విడిగా మెసేజ్ పెట్టాను.

పంటుమీద:
చూశాను. అమ్మగారు ఇంతకుముందు చదివారా ఏమిటండీ?

కాలవగట్టు:
లేదండీ. ఇంకోటి ఏముందని అడుగుతోంది. ఈసారి కొంచెం కష్టమైంది చెప్పమంటోంది.