‘కరి మ్రింగిన వెలగపండు’: ఏనుగా, పురుగా?

హనుమకొండ: రేపు మా బ్యాంకు శిక్షణలో డిజిటల్ రూపాయి మీద తెలుగులో మాట్లాడాలి. సిరి కొబ్బరినీళ్లలా వచ్చి వెలగపండులా పోతుందనే పద్యంతో మొదలుపెడదామంటే ఒక్క మాట పట్టుబడడం లేదు. ‘కరి మ్రింగిన’నా, ‘గజము’నా?

కరీంనగర్: కరే. ‘సిరి’కి ప్రాస కుదరాలి కదా, గజం ఎలా నిలుస్తుంది?

జగిత్యాల: రెండో పాదం ‘సలలితముగ’. అక్కడ ప్రాస లకారమే, మాస్టారూ.

కరీంనగర్: రలలకు ప్రాసమైత్రి ఉందని మీకు నేను చెప్పాలా! అసలు గొడవ అర్థంలో. ఏనుగు మింగితే డొల్ల చెక్కుచెదరకుండా బయటికొస్తుందా? ‘గజభుక్త కపిత్థం’ (గజం తిన్న వెలగపండు)లో గజం ఒక పురుగని మా గురువుగారు అనేవారు.

జనగామ: బమ్మెర మా జిల్లాలోదే. ‘కరి దిగుచు మకరి సరసికి’ అన్న పోతనగారి కరి కూడా పురుగేనా?

వరంగల్ (రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి): అర్థం ఏదైనా పోలిక గట్టిది. బ్యాంకు అప్పు మంజూరు చేయగానే ఖాతాలో డిపాజిట్ పుడుతుంది, ఒక్క నోటూ అచ్చుకాదు. కొబ్బరికాయలోకి నీళ్లు అలాగే వచ్చాయి. యూపీఐ చెల్లింపులో డబ్బు ఖాతా మారుతుందే గానీ పెరగదు. 2022 డిసెంబరు 1న ప్రయోగాత్మకంగా జనం చేతికొచ్చిన డిజిటల్ రూపాయి (ఈ-రూపాయి) వేరు, అది నేరుగా రిజర్వు బ్యాంకు బాకీ. ఖాతాలోంచి 5,000 దానికి మారిస్తే డిపాజిట్ 5,000 తగ్గి, చలామణిలోని నగదు అంతే పెరుగుతుంది. డిపాజిట్లూ నగదూ కలిపిన మొత్తం ద్రవ్య సరఫరా ఆ పూటకు మారదు. డొల్ల నిండుగానే ఉంది. కానీ రిజర్వు బ్యాంకు దగ్గర ఆ బ్యాంకుకున్న నిల్వల్లోంచి 5,000 పోయింది, అదే గుజ్జు. రిజర్వు బ్యాంకు మళ్లీ నింపకపోతే అప్పులిచ్చే శక్తి తగ్గి, సరఫరా మెల్లగా కుంచించుకుపోవచ్చు.

జగిత్యాల: అయితే పురుగే! ఏనుగు ఒక్క గుటకలో మింగుతుంది, మీరు చెప్పింది మెల్లగా తొలిచే పని.

జనగామ: నోట్లు ఏటీఎంలో తీసుకున్నా గుజ్జు పోతుంది కదా, అప్పుడెవరూ పురుగనలేదే?

వరంగల్: వరుసలో నిలబడాలి, సంచి మోయాలి. ఫోనులో అయితే జనం భయపడిన రాత్రి ఒక్క గంట చాలు. నా ఓటు ఏనుగుకే.

కరీంనగర్: మా పెరట్లో వెలగచెట్టుంది. రాలిన కాయ ఒకటి పగలగొట్టాను. పెంకుకు సూదిమొనంత చిల్లు, లోపల నల్లటి పొడి.

జనగామ: పద్యంలో చిల్లు లేదండీ.

హనుమకొండ: అయ్యా, మొదటి స్లైడులో ఏ బొమ్మ వేయమంటారు?